ఎదగనివ్వని వూరు

జార్జి ఇలియట్ నవల ‘మిడిల్‌మార్చ్’ని 1994లో బి.బి.సి. వారు సీరియల్‌గా తీశారు. కథాకాలం 1830 ప్రాంతం. అప్పటి వూరు యిప్పుడెక్కడ దొరుకుతుంది చెప్పండి? దొరికింది. లండన్‌కి ఉత్తరంగా సుమారు 90 మైళ్ళ దూరాన, లింకన్‌షైర్‌లో వున్న స్టాంఫర్డ్! తేనెరంగు సున్నపురాతి యిళ్ళూ, పాత చర్చి శిఖరాలూ, వంకర వీధులూ అన్నీ వున్నవి వున్నట్టే వున్నాయి.

కథలు రాసేదాన్ని కదా, నాకు వెంటనే అనుమానం వచ్చింది. వూళ్ళన్నీ మారిపోతే యిదొక్కటీ ఎందుకు మారలేదూ అని. పటం ముందేసుకు కూర్చున్నాను.

స్టాంఫర్డ్ అంటే రాతిరేవు. వెల్లండ్ నదిని జనం అక్కడ కాలినడకన దాటేవారట. దాటేవాళ్ళు ఆగేచోట సంత వెలిసింది. లండన్ నుంచి ఉత్తరాదికి పోయే పెద్దరోడ్డు మీద వుండడంతో సత్రాలూ, గుర్రబ్బళ్ళూ, ఉన్ని వ్యాపారం - ఒకటే సందడి. షీప్ మార్కెట్ అనే పేరు యిప్పటికీ వుంది. శుక్రవారం సంతా వుంది.

మరి వూరు ఎటు పెరగాలి? నదికి దక్షిణాన, మొదటి ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్ కట్టించిన బర్లీ భవనం, దాని విశాలమైన పార్కు. ఉత్తరాన ఉమ్మడి పొలాలు. పంట కోశాక వూరివాళ్ళ పశువులు మేసే హక్కున్న నేల అది. ఎవరి వాటా వారికి పంచితేగాని అక్కడ యిళ్ళు లేవవు. చాలా వూళ్ళలో ఆ పంపకాలు 18వ శతాబ్దంలోనే అయిపోయాయి. యిక్కడ మాత్రం 1875 దాకా తెమల్లేదు.

కారణం ఓట్లేనంటారు చరిత్రకారులు. ఆ వూరి పార్లమెంటు సభ్యులు చాలాకాలం బర్లీ ప్రభువుల చెప్పుచేతల్లో వుండేవారు. 1872 దాకా రహస్య ఓటింగు లేదు. అద్దెకున్నవాడు ఎవరికి ఓటేశాడో యింటి యజమానికి యిట్టే తెలుస్తుంది. కొత్త నేల మీద కొత్త యిళ్ళు లేస్తే కొత్త ఓటర్లొస్తారు. వాళ్ళు తమ మాట వింటారని నమ్మకమేమిటి?

వూరు ఆగింది గాని జనం ఆగలేదు. పిల్లలు పుట్టారు, పల్లెలనుంచి పనులకొచ్చారు. వాళ్ళంతా అందమైన యిళ్ళ వెనక పెరళ్ళలోకి సర్దుకున్నారు. సన్నటి సందులోంచి లోపలికి వెడితే, గాలీ వెలుతురూ అంతంతమాత్రంగా వున్న చిన్న చిన్న గదుల వరసలు. ఆ గదుల్లో వంట చేసి, పురుళ్ళు పోసుకున్న ఆడవాళ్ళ సంగతి ఎవరడిగారు?

రైలు కథా అంతే. స్టాంఫర్డ్‌కి రైలు వచ్చిందిగాని, ఉత్తరాదికి పోయే ప్రధానమార్గం 1850ల్లో పన్నెండు మైళ్ళ అవతల పీటర్‌బరో మీదుగా పోయింది. 1801లో రెండూ యించుమించు సమఉజ్జీలే. యిప్పుడు పీటర్‌బరోలో రెండు లక్షలు దాటారు. స్టాంఫర్డ్‌లో సుమారు 20 వేలు. 1875 తర్వాతే ఉత్తరపు పొలాల్లో వరస యిళ్ళూ, ఆ తర్వాత మునిసిపాలిటీ యిళ్ళూ లేచాయి.

1967లో ఓ తమాషా జరిగింది. పీటర్‌బరోని యింకా పెంచమని ‘న్యూ టౌన్’గా ప్రకటించారు. అదే ఏడు స్టాంఫర్డ్‌ని కాపాడమని యింగ్లండులో మొట్టమొదటి పరిరక్షణ ప్రాంతం చేశారు. మంచిపనే! ఆ రాళ్ళు కూల్చమని నేనూ అనను. ఎవరైనా ఆ వూరు వెడితే మాత్రం, వీధి ముంగిట ఫోటోలు తీసుకున్నాక ఓ అయిదు నిమిషాలు ఆ సందుల్లోకి కూడా వెళ్ళి రమ్మంటాను.