పెద్దల సభయు, బొగ్గుబాయి బిడ్డల ఓటును

2025 ఫిబ్రవరి నెల 27వ తేదీన, అనగా శివరాత్రి మరునాడే, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ అను నాలుగు పాత జిల్లాల పట్టభద్రులు తెలంగాణ శాసనమండలికి తమ ప్రతినిధి నొక్కని ఎన్నుకొనిరి. ఆ నాడే ఆ జిల్లాల ఉపాధ్యాయులును తమ ప్రతినిధిని వేరుగా ఎన్నుకొనిరి. జహీరాబాదు చెరకుతోటలు మొదలు సిర్పూరు అడవుల వరకు, నలభై రెండు శాసనసభా నియోజకవర్గముల మేర వ్యాపించిన ఈ విశాల క్షేత్రమునకు పట్టభద్రుల స్థాన మొక్కటే. దానికి పోటీపడినవారు యాభై మందికి మించియుండిరి. బొగ్గుపట్టణమైన గోదావరిఖని చౌరస్తాలో వారి చిత్రపటములు గోడలపై ఒకదానిమీద నొకటిగా అతుకబడియుండెను. రెండవ షిఫ్టునకు పోవు కార్మికులు వానిని చూచుచు పోయిరి గాని, వారిలో పెద్దవయసు వారికి పెక్కుమందికి ఆ ఎన్నికలో ఓటు లేకుండెను. వారి బిడ్డలకు ఉండెను. ఈ భేద మెట్లు కలిగినది, చదువుకొన్నవానికి వేరొక ఓటు నిచ్చు ఆచార మెక్కడ పుట్టి, ఏ దారిని నడచి, ఈ నల్లమట్టి నేలకు చేరినది అని విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

విద్యావంతులకు ప్రత్యేక ప్రాతినిధ్య మొసగు పద్ధతికి మూలము ఇంగ్లండు దేశమున కలదు. 1603లో మొదటి జేమ్స్ రాజు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములకు పార్లమెంటులో స్థానము లిచ్చెను. పిమ్మట ఇతర విశ్వవిద్యాలయములకును ఆ భాగ్యము లభించెను. ఊరిలో ఒక ఓటు, చదివిన విద్యాపీఠమున మరియొక ఓటు కలిగిన ఆ ద్విగుణాధికారము ప్రజాస్వామ్యమునకు తగదని తలచి, ఆ దేశమువారే 1948 నాటి చట్టముచే దానిని తొలగించిరి. వారు విడిచిన దానిని, కొంత రూపు మార్చి, మన రాజ్యాంగ నిర్మాతలు ఆ మరుసటి సంవత్సరముననే నిలుపుకొనుట గమనింపదగిన విషయము.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1919 నాటి సంస్కరణల ననుసరించి విశ్వవిద్యాలయమునకు శాసనమండలిలో స్థాన మేర్పడినది. 1935 నాటి చట్టము ననుసరించి 1937లో అచట రెండు సభలు వెలసినవి. కోస్తా, రాయలసీమ ప్రాంతముల తెలుగువారికి ఎగువసభతో పరిచయ మట్లు కలిగినది. గోదావరికి ఈవలనున్న మన కట్టి అనుభవము లేదు. నిజాము రాజ్యమున 1893లో ఒక శాసనమండలి ఏర్పడినను అది ప్రభువు చెప్పుచేతలలోనిదే. 1937లో అరవముదు అయ్యంగారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము వృత్తుల వారీగా, ప్రయోజనముల వారీగా ప్రాతినిధ్యము నొసగు పద్ధతిని యోచించినది గాని, ప్రజలు కోరిన బాధ్యతాయుత ప్రభుత్వ మందులో లేకపోయెను. నిజాము రాజ్యముపై భారత ప్రభుత్వము జరిపిన సైనికచర్య అనంతరము, 1952 ఎన్నికలతో వచ్చిన హైదరాబాదు శాసనసభ నూట డెబ్బదియైదుగురు సభ్యులు గల ఏకసభ. 1953లో వేరుపడిన ఆంధ్రరాష్ట్రమునకును మండలి లేదు.

రాజ్యాంగపు 171వ అధికరణము మండలి కూర్పును నిర్దేశించుచున్నది. సభ్యులలో మూడవవంతు స్థానిక సంస్థల వారిచేతను, మూడవవంతు శాసనసభ్యుల చేతను, పండ్రెండవవంతు పట్టభద్రుల చేతను, పండ్రెండవవంతు ఉపాధ్యాయుల చేతను ఎన్నుకొనబడుదురు. తక్కినవారిని గవర్నరు నియమించును. ధనసంబంధమైన బిల్లును మండలి పదునాలుగు దినములకు మించి ఆపజాలదు. ఇతరములైన వానిని కొన్ని నెలలు జాగుచేయగలదే గాని కాదనజాలదు. రాష్ట్ర శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో కోరినచో పార్లమెంటు సాధారణ చట్టముచేతనే మండలిని పుట్టింపవచ్చును, తొలగింపనువచ్చును. ఒక్కసారి వెలసిన సభ ఎన్నటికిని ఉండితీరవలెనను పట్టుదల మన రాజ్యాంగమునకు లేదు. ఆ వెసులుబాటును తెలుగువారు వినియోగించుకొన్నంతగా మరెవ్వరును వినియోగించుకొనలేదని చెప్పవచ్చును.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించిన మరుసటి నెలలోనే శాసనసభ మండలిని కోరుచు తీర్మానించెను. 1958 జూలై 1న మండలి ఏర్పడగా, అదే నెల 8వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు దానిని ప్రారంభించెను. తొలి అధ్యక్షులుగా మాడపాటి హనుమంతరావుగారు ఎన్నికైరి. గ్రంథాలయముల ద్వారమునను, బాలికా పాఠశాల ద్వారమునను నిజాము రాజ్యమున తెలుగు అక్షరమును నిలిపిన ఆ మహనీయుడు చదువరుల సభకు అధ్యక్షు డగుట ఎంతయు ఉచితముగ నుండెను. ఆయన ఆసనమలంకరించిన నాటికి గోదావరి ఒడ్డున, నేడు గోదావరిఖని వెలసిన చోట, బొగ్గు త్రవ్వకమింకను మొదలు కాలేదు.

సింగరేణి బొగ్గుగనుల చరిత్ర అంతకుమున్నే దీర్ఘమైనది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గు నిక్షేపమును గుర్తించుట, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కు పొందుట, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొందుట, 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగము కొనుట పలువురెరిగినవే. గోదావరిఖని ఉన్న రామగుండము బొగ్గుక్షేత్రపు పుట్టువు మాత్రము స్వతంత్ర భారతమునకు చెందినది. 1960 దశకపు తొలి యేండ్లలో ఇచట బాయిలు తెరవబడినవి. కరువు సోకిన పల్లెల నుండి, దొరల గడీలకు వెట్టి చేసి విసిగిన ఊళ్ళ నుండి, పనికై ఉత్తరమునుండియు జనము వచ్చి చేరెను. తట్టయు, చెమ్మసను పారయు పట్టి బొగ్గు టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్లే ఈ పట్టణపు ఆదిపురుషులు. విద్యుత్కేంద్రము, ఎరువుల కర్మాగారము వెనువెంట వచ్చెను. 1978లో జాతీయ తాపవిద్యుత్ సంస్థ కేంద్రమునకు ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసెను. సైరను మ్రోతచే లేచి, మస్టరు పడిన దినములచే నెలను లెక్కించు ఈ జనమున పట్టభద్రులు, ఆ తొలినాళ్ళలో, కంపెనీ అధికారులును, పాఠశాల పంతుళ్ళును, వకీళ్ళును మాత్రమే. మండలి ఓటు వారిది; బాయిలో దిగువానికిని దానికిని సంబంధము లేదు. విశ్వవిద్యాలయపు ఓటు పాత ఇంగ్లండులో ఎట్టి పరిమిత వర్గమున కుండెనో, తొలినాటి బొగ్గుపట్టణమునను అట్టి వర్గముననే ఉండెనని ఒప్పుకొనక తప్పదు.

ఇంతలో మండలియే లేకుండ పోయినది. 1983లో అధికారమునకు వచ్చిన ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము దానిని అనవసర వ్యయముగా నెంచి రద్దు తీర్మానము చేసెను. పార్లమెంటు చట్టము ననుసరించి 1985 జూన్ 1న మండలి రద్దయ్యెను. 1990లో చెన్నారెడ్డిగారి ప్రభుత్వము పునరుద్ధరణకు యత్నింపగా రాజ్యసభ ఆమోదించినను లోక్‌సభలో ఆ యత్నము సాగలేదు. రాజశేఖరరెడ్డిగారి కాలమున 2004లో తీర్మానము, 2006 జనవరిలో చట్టము వెలువడి, 2007లో మండలి మరల కొలువుదీరెను. మధ్య ఇరువది రెండేండ్ల శూన్యము. చరిత్రకారులు ఈ కాలమును రద్దుకును పునరుద్ధరణకును నడుమ ఖాళీగా చూపి ముందునకు సాగుదురు. బొగ్గుబెల్టు చరిత్రలో మాత్రము మిక్కిలి ముఖ్యమైన మార్పు జరిగిన దప్పుడే. జీతములు పెరిగినవి, వేలిముద్ర వేసిన కోల్ ఫిల్లరు కొడుకు గోదావరిఖని డిగ్రీ కళాశాలలో చేరెను, కూతురు కరీంనగరమునకో వరంగల్లునకో పోయి పై చదువు చదివెను. అదే సమయమున యంత్రములు వచ్చి మనుషుల పని తగ్గెను. 1990 ప్రాంతమున లక్షకు మించియుండిన సింగరేణి కార్మికులు నేడు నలభై వేలకు కాస్త అటునిటుగా నున్నారు. తండ్రి శ్రమతో బిడ్డకు పట్టా వచ్చెను. పట్టా వచ్చునప్పటికి తండ్రి పని కంపెనీలో లేకుండ పోయెను. మండలి తిరిగివచ్చిన నాడు దానికై ఎదురుచూచినది పూర్వపు వకీళ్ళ, అధికారుల సమూహము కాదు. ఈ నిరుద్యోగ పట్టభద్ర సమూహము.

2024 అక్టోబరులో ఓటరు నమోదు జరుగుచున్న దినములలో, గోదావరిఖనిలో ఒక కంపెనీ క్వార్టరునకు పోతిని. పదవీ విరమణ చేసిన ముసలి కార్మికుడొకడు అరుగుమీద కూర్చుండెను. బొగ్గుపెళ్ళ తగిలిన గాయములు మానినను, లోపల నిలిచిన బొగ్గునుసివలన నీలిమచ్చలుగా మిగిలిన ముంజేతులు. లోపల కూతురు ఇనుప పెట్టె తెరచి, తండ్రి జీతపు చీటీల క్రింద దాచిన డిగ్రీ మెమోను తీసి, 18వ నమూనా ఫారమును పూరించుచుండెను. 2021 నవంబరు 1 నాటికే పట్టా పొందియుండవలెనను నియమమును చదివి, తన సంవత్సరమును రెండుమార్లు లెక్కించుకొనెను. పిదప తండ్రి పేరుండు గడిలో ఆయన పేరు వ్రాసెను. ఆయన నన్ను చూచి, “సారూ, ఈ ఓటు మాసొంటోళ్ళకు ఎందుకు లేదు? ఫీజు కట్టింది నేనే గదా” అనెను. 171వ అధికరణము నాకు కంఠస్థమే గాని ఆయనకు చెప్పుటకు నోరు రాలేదు. కూతురు మాత్రము ఫారము మడచి, “బాపూ, కండ్లద్దాలు యాడున్నయ్? ఒకసారి పేరు చూడు, తప్పుంటే తీసేస్తరట” అనెను. ఆయన చదువలేడు. అయినను అద్దములు పెట్టుకొని, ఆ గడిని చాల సేపు చూచెను.

ఆ కార్మికునకు ఓటు హక్కులేని కొరతను నేను సమర్థింపను. ఓటువేయు తెలివి ఆయనకు లేదని ఎవ్వరు చెప్పగలరు? 1998 మొదలు సింగరేణిలో గుర్తింపు కార్మిక సంఘమునకు రహస్య ఓటు పద్ధతిన ఎన్నికలు జరుగుచున్నవి. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో నూటికి తొంభై మందికి మించి ఓటు వేసిరి. అంతటి శ్రద్ధతో ఓటువేయు పౌరులు దేశమున ఎచటను అరుదు. అయినను మండలిలో పట్టభద్ర స్థానమున్నంతకాలము, ఈ ప్రాంతమున అది కార్మికుని ఇంటి చదువునకు దక్కిన ఓటని నా నిశ్చితాభిప్రాయము.

మండలి పునరుద్ధరణానంతరము ఈ స్థానమునుండి ఎన్నికైన వారి క్రమమును చూచినను ఈ నేల మనసు తెలియగలదు. 2007లో పాత్రికేయుడు ఆర్. సత్యనారాయణ తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున గెలిచెను. 2013లో ఉద్యోగ సంఘ నాయకుడు స్వామిగౌడ్ ఎన్నికయ్యెను. తెలంగాణ రాష్ట్రసాధనకై 2011 సెప్టెంబరున మొదలైన సకల జనుల సమ్మెలో ఆయన ప్రభుత్వోద్యోగులను నడిపింపగా, అదే సమ్మెలో సింగరేణి బాయిలు నెలకు మించి మూతపడి, రాష్ట్రము చీకటిలో పడు స్థితి వచ్చెను. ఉద్యోగియు, బొగ్గు కార్మికుడును ఒక్క త్రాటిపై నిలిచిన ఆ దినముల జ్ఞాపకము ఆ గెలుపులో పాలు పంచుకొన్నది. 2014 జూలై 2న ఆయన తెలంగాణ శాసనమండలికి తొలి అధ్యక్షు డయ్యెను. విభజనతో తెలంగాణకు నలభై స్థానముల మండలి దక్కగా, అందులో పట్టభద్రులవి మూడు, ఉపాధ్యాయులవి మూడు మాత్రమే. 2019లో ఈ స్థానమున కాంగ్రెసు పక్షమున జీవన్‌రెడ్డి గెలిచెను. ఉపాధ్యాయ స్థానమున గెలిచినది కూర రఘోత్తమరెడ్డి. వీరిరువురి పదవీకాలము 2025 మార్చితో ముగియుటచేతనే ఆ ఫిబ్రవరి ఎన్నిక జరిగెను.

ఉపాధ్యాయుల ఓటు విషయమున ఒక లోపము నన్ను కలతపెట్టుచుండును. ఉన్నత పాఠశాల స్థాయికి తక్కువ కాని విద్యాలయమున మూడేండ్లు బోధించినవారికే ఆ ఓటు కలదు. కార్మికవాడలో బిడ్డకు అ ఆలు దిద్దించిన ప్రాథమిక పాఠశాల పంతులునకు లేదు. తెలంగాణలో చిన్న తరగతుల ఉపాధ్యాయులు ఈ హక్కును కోరుచునే యున్నారు. వారి కోరిక న్యాయమైనది.

ఇక నేటి బొగ్గుబాయిలో మరియొక వింత మార్పు జరిగినది. కారుణ్య నియామకముల ద్వారమున తండ్రి ఉద్యోగములో చేరు యువకులలో డిగ్రీ, ఇంజనీరింగు చదివినవారు పెక్కుమంది. వారు బదిలీ వర్కర్లుగా మస్టరు వేసి, టోపీకి దీపము బిగించుకొని బాయిలోకి దిగుచున్నారు. పట్టభద్రుడును, గని కార్మికుడును వేర్వేరు మనుషులుగా ఉండిన కాలము గడచినది. ఆక్స్‌ఫర్డు పండితులకై పుట్టిన ఓటు నాలుగు వందల యేండ్ల పిదప గోదావరి ఒడ్డున భూగర్భమునకు దిగినది. ఈ మార్పును అభ్యర్థులు గ్రహించినట్లు వారి కరపత్రములలో నాకు కానరాలేదు. ఉద్యోగములు కల్పింతుమని అందరును వ్రాసిరి గాని, పట్టా చేతబట్టి పార పట్టువాని చదువునకు తగిన పని కంపెనీలోనే చూపుట ఎట్లో వ్రాసినవారు లేరు. ఓటు అడుగ వచ్చినవానిని ఈ ప్రశ్నయే అడుగవలెనని యువకులకు నా ప్రార్థన.

ఓటు వేయు విధానమును గూర్చి విపులముగా చెప్పుట నా కర్తవ్యము. ఏలయన గడచిన ఎన్నికలలో వేలకొలది పట్టభద్రుల ఓట్లు చెల్లకపోయినవి. ఇచట యంత్రము లేదు, గుర్తు లేదు. కాగితముపై అభ్యర్థి పేరునకు ఎదుట అంకె వేయవలెను. మొదటి కోరిక కెదుట 1 అని, తరువాతివారికి ఇష్టమున్నచో 2, 3 అని వరుసగా వేయవచ్చును. తెలుగు అంకెలును చెల్లును. అక్షరములలో “ఒకటి” అని వ్రాసినను, టిక్కు పెట్టినను, సంతకము చేసినను, ఇరువురి కెదుట 1 వేసినను, ఆరేండ్ల కొకసారి వచ్చు ఆ ఓటు వ్యర్థమగును. చెల్లిన ఓట్లలో సగముకంటె ఒకటి అధికముగా వచ్చినవాడు గెలుచును. ఎవ్వరికిని అంత రానిచో అట్టడుగువానిని తొలగించి, అతని ఓట్లను రెండవ కోరిక ననుసరించి పంచుదురు. పోటీలో యాభై మందికి మించి ఉన్నపుడు ఆ రెండవ అంకెకు విలువ స్వల్పము కాదు.

2025 ఎన్నికలో పోలింగు ఉదయము 8 గంటల నుండి సాయంకాలము 4 గంటల వరకు జరిగెను. పోలింగు కేంద్రమున ఇచ్చు ఊదారంగు కలముతోనే అంకె వేయవలెను; సొంత కలము పనికిరాదు. ఇట్టి ఎన్నికల నాడు ఉదయపు షిఫ్టులో పేరున్న పట్టభద్ర కార్మికులు ముందునాడే తమ పై అధికారికి తెలిపి సమయము కుదుర్చుకొనవలెను. షిఫ్టు దిగి వచ్చునప్పటికి పోలింగు కేంద్రపు తలుపులు మూసియుండవచ్చును.