గండం కోసం కట్టిన తోక

ఖరగ్‌పూర్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది రైలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని దొరికి, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి, తరాలుగా అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ ఊరి చరిత్రను పట్టాల వెంబడే చెప్పుకోవడం మనకు అలవాటు. ఆకాశంలో దానికి ఇంకో చరిత్ర ఉంది. 1944లో అమెరికా వాళ్ల 20వ బాంబర్ కమాండ్ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరంలో పెట్టుకుంది. 1931లో కాల్పుల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలు చనిపోయిన శిబిరం అది. 1951లో దేశపు తొలి ఐఐటీ ప్రారంభమైందీ అక్కడే. ఖరగ్‌పూర్, చాకులియా, పియార్డోబా, దూధ్‌కుండి రన్‌వేల మీదికి బి-29 బాంబర్లు వచ్చి దిగాయి. వాటి గురించి మాట్లాడేటప్పుడు ఇంజన్లూ బాంబులూ ముందుకొస్తాయి, తోక వెనకే ఉండిపోతుంది. కానీ ఆ విమానాల కాలాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు చూడాల్సింది తోకనే అని నా వాదన. సాఫీగా సాగే ప్రయాణానికి చిన్న తోక చాలు. తోక ఎంత ఉండాలో తేల్చేది ఆ విమానానికి రాగల గండం.

బి-29 తోకను దగ్గరగా చూద్దాం. నిలువు రెక్క కొస నేల నుంచి సుమారు ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని ముందంచు నిటారుగా ఆగిపోకుండా వాలుగా దిగి, విమానం వీపు మీద గట్టులా ముందుకు సాగుతుంది. వెనకంచుకు చుక్కాని, అంటే రడ్డర్. దాని ఎముకల గూడు లోహం, పైన తొడుగు గుడ్డ. దాన్ని కదిపేది పైలట్ కాళ్ల బలమే, సాయానికి హైడ్రాలిక్ యంత్రం లేదు. అడ్డంగా రెండు పక్కలా స్టెబిలైజర్లు, వాటి వెనక ఎలివేటర్లు. చిట్టచివర తుపాకీ మనిషి గది. మామూలు విమానంలో బరువు కేంద్రం రెక్కల ఎత్తుడు బలానికి కాస్త ముందుంటుంది కనుక ముక్కు కిందికి వాలబోతుంది; అడ్డ తోక వెనక భాగాన్ని కిందికి నొక్కి దాన్ని సరిచేస్తుంది. రెక్కలు ఎత్తుతుంటే తోక నొక్కడం దండగ కదా అనిపించవచ్చు. ఆ నష్టానికి ఫలం ఉంది: గాలి కుదిపినప్పుడు విమానం తనంతట తానే దారికొస్తుంది.

అసలు పరీక్ష నిలువు తోకది. బి-29కి నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కటి 18 సిలిండర్లు, 2,200 అశ్వశక్తి. తొందరలో తయారై పూర్తిగా కుదుటపడని ఆ ఇంజన్లు వేడెక్కి తగలబడేవి. బెంగాల్ ఎండల్లో ఆ బెడద రెట్టింపైంది. అరవై టన్నుల బరువుతో అప్పుడే నేల విడిచిన విమానంలో కుడి చివరి ఇంజన్ ఆగిందనుకోండి. జోడెద్దుల బండిలో ఒక ఎద్దు కుంటుపడితే బండి ఆ పక్కకే తిరిగిపోయినట్టు, విమానం కుడికి తిరిగిపోతుంది. దాన్ని ఆపగలిగేది ముఖ్యంగా చుక్కానే. చుక్కాని బలం గాలి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది: వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే ఇంజన్లు గరిష్ఠ శక్తితో లాగే క్షణంలోనే తోక అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి వైశాల్యం పెంచడం తప్ప అప్పుడు సులువైన దారి లేదు.

అంత తోక పెట్టింది బాంబు గురి తప్పకుండా విమానం నిలకడగా సాగడానికే కదా అని అడగవచ్చు. నిలకడ అవసరమే. కానీ ఆ వీపు గట్టు పుట్టిన కథ నా మాటనే బలపరుస్తోంది. 1939 మార్చి 18న బోయింగ్ స్ట్రాటోలైనర్ అనే ప్రయాణికుల విమానం పరీక్షలో కూలి పదిమంది చనిపోయారు. ఒక పక్క ఇంజన్లు ఆగితే విమానం ఎలా నడుస్తుందో కొనదలచినవారికి చూపబోయారు. అది గింగిరాలు కొట్టి విరిగిపోయింది. తర్వాత నిలువు రెక్కను మార్చి ముందు ఆ గట్టును కలిపారు. పక్కకు బాగా తిరిగిపోయినప్పుడు కూడా తోక పట్టు వదలకుండా చూడటం దాని పని. ఆ రూపమే బి-17ఈ బాంబర్‌కు, అక్కడి నుంచి బి-29కి వచ్చింది. అది బాంబు గురి కోసం పుట్టింది కాదు. యుద్ధం ముగిశాక ఇదే విమానానికి 3,500 అశ్వశక్తి ఇంజన్లు బిగించి బి-50 చేసినప్పుడు తోక మరో మీటరున్నర పెరిగింది, చుక్కానికి హైడ్రాలిక్ సాయం వచ్చింది. హ్యాంగర్‌లో పట్టక, నిలువు రెక్కను పక్కకు మడిచే ఏర్పాటు కూడా చేశారు. గురి అవసరం మారలేదు. ఇంజన్ ఆగితే పక్కకు లాగే బలం మారింది.

జెట్ల కాలంలో గండం రూపు మారింది. 1965 సెప్టెంబర్ 7న ఢాకా నుంచి పాకిస్తాన్ సేబర్ జెట్లు ఖరగ్‌పూర్ దగ్గరి కలైకుండ వాయుసేన స్థావరం మీద పడి, నేల మీదున్న కాన్‌బెర్రాలనూ వాంపైర్లనూ తగలబెట్టాయి. రెండోసారి వచ్చినప్పుడు మన పైలట్లు ఆల్‌ఫ్రెడ్ కుక్, మంగైన్ నడిపిన రెండు హంటర్ జెట్లు అడ్డుపడ్డాయి. కుక్ ఒక సేబర్‌ను కూల్చాడు. ఆ ఒక్క రోజు ఈ ఊరి దగ్గర కలిసిన తోకలు నాలుగు రకాలు. వాంపైర్‌కు తోక రెండు కాడల మీద ఉంటుంది: తొలి జెట్ ఇంజన్ బలం తక్కువ, పొగగొట్టం పొడవైతే ఉన్న బలమూ తగ్గుతుంది, అందుకే దాన్ని పొట్టిగా ఉంచి తోకను పక్క కాడలకు తగిలించారు. సేబర్‌లో పైలట్ నడిపే కర్ర లాగితే అడ్డ తోక మొత్తం కదులుతుంది. ధ్వని వేగం దగ్గరపడితే ఎలివేటర్ కీలు దగ్గర షాక్ తరంగం ఏర్పడి ఎలివేటర్ మొద్దుబారుతుంది, అందుకని. హంటర్‌లోనూ కాన్‌బెర్రాలోనూ అడ్డ తోక కోణం మార్చవచ్చు, కానీ ఎలివేటర్ వేరుగా ఉంటుంది. ఆ పోరు చెట్ల ఎత్తులో, ధ్వనికన్నా చాలా తక్కువ వేగంలో జరిగింది కదా, సేబర్‌లోని ఆ ఏర్పాటు అక్కడ ఎందుకు పనికొచ్చినట్టు అని అడిగితే, అంతగా అక్కర్లేదనే నేనూ అంటాను. ఆ రోజు రాని గండానికి కూడా తోక సిద్ధంగా మోసుకు తిరుగుతుంది.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: అసలు తోకే లేని విమానాలు ఎగురుతున్నాయి కదా? నిజమే. జాక్ నార్త్రప్ 1940లలోనే తోక లేని బాంబర్లు ఎగరేశాడు, ఈనాటి బి-2 బాంబర్‌కు నిలువు తోక లేనే లేదు. అయితే తోక తీసేసినంత మాత్రాన గండం పోలేదు. బి-2లో రెక్క చివర్ల చీలి తెరుచుకునే పలకలు ఒక పక్క గాలిని అడ్డగించి ముక్కును తిప్పుతాయి, కంప్యూటర్ వాటిని క్షణక్షణం సరిదిద్దుతూ ఉంటుంది. నాలుగు ఇంజన్లనూ రెక్కల చివరిదాకా పరచకుండా నడుముకు అటూ ఇటూ దగ్గర చేర్చి పెట్టారు, ఒకటి ఆగినా పక్కకు లాగే బలం తక్కువగా ఉంటుంది.