చిల్కీగఢ్‌లోనూ కనకదుర్గే

బడివాళ్లు చిల్కీగఢ్ తీసుకెళ్తున్నారనగానే మా అమ్మ నా చేతిలో పదకొండు రూపాయలు పెట్టింది. "కనకదుర్గట కదా, మన బెజవాడమ్మే. హుండీలో వెయ్యి."

ఖరగ్‌పూర్‌లో లోకల్ ఎక్కి ఝాడ్‌గ్రామ్‌లో దిగి, మళ్లీ బస్సు. బెజవాడలో కొండ మీదుండే తల్లి ఇక్కడ డులుంగ్ ఏటి ఒడ్డున, అడవి మధ్య, గుర్రమెక్కి ఉంటుంది. మాస్టారు గుడిలో కంటే అడవిలోనే ఎక్కువసేపు తిప్పారు. అమ్మవారి అడవి కాబట్టి కొమ్మ విరవరట. తీగలు తొడంత లావున చెట్లను చుట్టుకున్నాయి. మా పులిహోర పొట్లాలు కోతుల పాలయ్యాయి. దాదాపు 56 ఎకరాల ఆ అడవిని 2018లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

బయట ఓ సంతాల్ అవ్వ సాల ఆకులతో విస్తళ్లు కుడుతోంది. మనవైపు గుగ్గిలం చెట్టంటారే, అదే సాల. ఆకు మీద ఆకు, మధ్యలో ఈనెపుల్ల. నేను కుట్టింది చేతిలోనే విడిపోయింది. ఏ ఊరని అడిగింది. ఖరగ్‌పూర్ అన్నాం. "అక్కడా అడవే ఉండేది" అంది బెంగాలీలో.

మా తాత పలాస వైపు నుంచి వచ్చి రైల్వే కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. మా న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఊరి చరిత్ర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతోనే మొదలవుతుంది. అంతకుముందు పొదలూ పాములూ అంటారు, అంతే. పట్టాల కింద పరిచిన సాల దుంగలు ఎవరి అడవివో ఎవరూ చెప్పలేదు. సంతాలులకు ఊరి సాలతోపు దేవతలుండే జాహేర్. బాహా పండగ అయ్యేదాకా ఆడవాళ్లు కొత్త పువ్వు తలలో పెట్టరు.

ఇక్కడి లోధా శబరుల పేరు వింటే మీకు సీతంపేట సవరలు గుర్తొస్తారు. వీళ్లు వేరు. బ్రిటిష్‌వాళ్లు చట్టం చేసి వీళ్లను నేరస్థ తెగ అన్నారు. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. లోధా ఆడపిల్లల్లో తొలి పట్టభద్రురాలు చూనీ కోటాల్, అవమానాలు పడలేక 1992లో ఈ ఖరగ్‌పూర్‌లోనే ప్రాణం తీసుకుంది.

2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు మా వీధిలో మిఠాయిలు పంచుకున్నాం. నేనూ తిన్నాను. వందేళ్లకు పైగా ఉన్నాం, మాకు దక్కాల్సిందే. మాకన్నా ముందున్నవాళ్ల లెక్క మాత్రం ఏ క్వార్టర్లోనూ తీయరు.

ఆ పదకొండు రూపాయలకు విస్తళ్లు కొన్నాను. అమ్మ తిట్టి, ఆ ఆదివారం వాటిలోనే వడ్డించింది.