స్త్రీ సమాజములు - చట్టములు

తెలుగునాట స్త్రీలు సమాజములుగా కూడుట ఇరువదవ శతాబ్ది ప్రారంభముననే మొదలైనది. 1902లో బందరులో బండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారలు బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిరి. స్త్రీ ఇల్లు దాటి నలుగురిలో కూర్చుండుటయే వింతగా తోచిన ఆ దినములలో చదువు, కుట్టుపని, సద్గోష్ఠి ఇట్టి సమాజముల కార్యక్రమములుగా నుండెను. చూచువారికి ఇది కాలక్షేపముగా కనిపించి యుండవచ్చును. కాని ఒకరి తరువాత ఒకరు మాటాడుట, భేదాభిప్రాయమును ఓర్పుతో వినుట, తీర్మానము వ్రాసికొని దానికి కట్టుబడుట అను అలవాట్లు స్త్రీలకు అచ్చటనే అబ్బినవి. కాలక్రమమున ఆ అలవాట్లే వారిని శాసనసభల ద్వారములకు చేర్చినవి.

1917 మే నెలలో మద్రాసులోని అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అను మహిళా సంఘము ఏర్పడెను. అనీబిసెంటు దానికి అధ్యక్షురాలు. మార్గరెట్ కజిన్స్, డొరోతీ జినరాజదాస ముఖ్య నిర్వాహకులు. అదే సంవత్సరము రాజ్యాంగ సంస్కరణలను విచారించుటకై ఇండియా మంత్రి మాంటేగు ఈ దేశమునకు వచ్చెను. విద్యా విషయమై విన్నవించుటకు కజిన్స్ దర్శనము కోరగా, రాజకీయ విషయములపై వచ్చు రాయబారములను మాత్రమే స్వీకరింతుమని ప్రత్యుత్తరము వచ్చెను. ఆ మాటకు వెనుదీయక, ఓటు హక్కునే కోరుదుమని వారు నిశ్చయించిరి. డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వమున స్త్రీల రాయబారము మద్రాసులో మాంటేగును, రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డును దర్శించి, ఓటు విషయమున స్త్రీ పురుష భేదము పాటింపరాదని కోరెను.

కోరినంతనే ఫలము చేకూరలేదు. ఓటు హక్కును పరిశీలించిన సౌత్‌బరో సంఘము స్త్రీల కోరికను అంగీకరింపలేదు. 1919లో హేరాబాయి టాటా తన కుమార్తె మిథన్‌తో లండనుకు పోయి ప్రచారము సాగించెను. తుదకు బ్రిటిషు పార్లమెంటు ఆ నిర్ణయమును రాష్ట్ర శాసనమండలులకే విడిచిపెట్టెను. 1921 ఏప్రిలులో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు నిచ్చుచు తీర్మానించెను. బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో ఇదియే మొదటిది. కోస్తాంధ్ర, రాయలసీమలు నాడు ఆ రాష్ట్రమున చేరియున్నందున ఆ హక్కు అచ్చటి తెలుగు స్త్రీలకును సంక్రమించెను. అయితే ఆస్తి, పన్ను నియమముల వలన అది కొలది మందికే దక్కినది. వయోజనులందరికిని ఓటు 1950లో రాజ్యాంగము అమలునకు వచ్చిన పిమ్మటనే లభించినది.

1921 నాటి తీర్మానమున గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆనాడు మద్రాసు మంత్రివర్గము జస్టిస్ పార్టీ వారిది. అనీబిసెంటునకును ఆ పార్టీకిని రాజకీయములలో పొత్తు కుదరదు. కాంగ్రెసు ఆ ఎన్నికలనే బహిష్కరించి యుండెను. అయినను ఆమె అధ్యక్షత వహించిన సంఘము కోరిన హక్కును ఆ మండలియే ఇచ్చినది. కోరిక ఒక పక్షమునకు చెందినది కాకపోవుట చేతనే పరపక్షమువారు గూడ దానిని వినగలిగిరి.

1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటి సమావేశము జరిగెను. అది విద్యా సంస్కరణకై కూడిన సభ. కాని చిన్నతనముననే పెండ్లి చేసినచో బాలిక బడికి పోవు టెట్లు? అందుచే బాల్యవివాహ నిషేధమును గూర్చియు ఆ సభ పాటుపడవలసి వచ్చెను. హరవిలాస్ శారదా ప్రతిపాదించిన బిల్లునకు మహిళా సంఘములు మద్దతు కూడగట్టినవి. మద్రాసు శాసనమండలిలో ఉపాధ్యక్షురాలిగా ఎన్నికైన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి ఈ కృషిలో ప్రముఖురాలు. 1929లో బిల్లు చట్టమైనది. బాలికకు 14, బాలునికి 18 సంవత్సరములు కనీస వయస్సుగా నిర్ణయింపబడెను.

చట్టము 1930 ఏప్రిలు 1వ తేదీన అమలునకు రావలసి యుండగా, ఈలోపుననే తొందరపడి పసిపిల్లలకు పెండ్లిండ్లు చేసినవారు దేశమున అసంఖ్యాకులు. చట్టమునను లోపములు లేకపోలేదు. నేరము జరిగిన సంవత్సరము లోపల ఎవరో ఒకరు ఫిర్యాదు చేయవలెను. ఫిర్యాదు చేయువానినుండియే 100 రూపాయల వరకు పూచీ కోరవచ్చును. ఇరుగుపొరుగులతో వైరము తెచ్చుకొని, పూచీ కూడ ఇచ్చుట కెందరు సాహసింతురు? కావుననే మహిళా సంఘములు చట్టము వచ్చినదని తృప్తిపడక సవరణలకై పాటుపడినవి. బాలిక వయస్సు 1949లో 15కును, 1978లో 18కిని పెరిగెను. 2006లో వచ్చిన కొత్త చట్టము క్రింద బాల్యవివాహ నిషేధాధికారులు ఏర్పడిరి.

పట్టణములలోని విద్యావతులకే ఇది సాధ్యమనుకొనరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చు స్త్రీలు సారా వలన సంసారములు చితుకుటను గూర్చి తమలో తాము చర్చించుకొని, ఊరిలో సారా అమ్మకమును నిలిపివేయించిరి. వారి కథ వాచకమున పాఠమై ఇతర గ్రామములకు ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలింపబడెను. స్త్రీలు సాధించినదానిలో కొంత నిలిచినది, కొంత జారిపోయినది.

చట్టము తెచ్చుట యెంత పనియో, దానిని కాపాడుకొనుట యంత పని. చట్టములో నేమున్నదో తెలిసికొనుటకు చదువు కావలెను. గ్రామసభలో దానిని గూర్చి అడుగుటకు నలుగురి తోడు కావలెను. ఈ రెండును దొరకు చోటు గ్రంథాలయము. అచ్చట పార్టీ పేరు అడుగక స్త్రీలు వారమునకొకమారు కూడి, పత్రిక చదివి, ఊరి అక్కరలను తీర్మానముగా వ్రాసి పంచాయతీకి అందజేసినచో, బందరులో 1902లో నాటిన విత్తనము ఆ ఊరను మొలకెత్తును.