కార్యమపూడి ఐదు రోజులు: కథాక్రమం, యాత్రాక్రమం

పలనాటిని చూడవచ్చే యాత్రికునికి నేడు రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీలో నాగార్జునకొండ ద్వీపానికి వెళ్లి, అనుపు, ఎత్తిపోతల చూసుకొని మరలివచ్చే దారి. ఇది ఏడాది పొడవునా నడుస్తుంది. పర్యాటకశాఖ కరపత్రాలలో దీనికి చోటుంది. రెండవది ఏడాదికొకమారు, కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు మాత్రమే తెరచుకొనే దారి. అది కారెంపూడిలో, కావ్యభాషలో చెప్పాలంటే కార్యమపూడిలో, నాగులేటి ఒడ్డున సాగుతుంది. మొదటిదాన్ని పర్యాటకం అంటున్నారు, రెండవదాన్ని వీరారాధన ఉత్సవం అంటున్నారు. పేర్లు వేరు కావడం వల్ల ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే ప్రయత్నం అరుదుగానే జరిగింది.

నియమిత దినాలు, నియమిత స్థలాలు, ప్రతి స్థలంలో నిలిచి ఇక్కడ ఏం జరిగిందో చెప్పే ఒక మార్గదర్శి, ఈ మూడూ కలిస్తే దాన్ని మార్గదర్శితయాత్ర అనవచ్చు. ఈ లక్షణాలు కారెంపూడి ఉత్సవానికి సంపూర్ణంగా ఉన్నాయి. పలనాటి వీరకథపై జరిగిన పరిశోధన ఎక్కువగా పాఠం చుట్టూ తిరిగింది: కర్తృత్వం, ఛందస్సు, చారిత్రకత, పాఠాంతరాలు. ఆ కథను ఒక ప్రాంతంలో, ఒక క్రమంలో నడిపించే ఐదు రోజుల మార్గాన్ని పాఠంతో సమానమైన ఆధారంగా చదివితే ఏం తేలుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మార్గదర్శి లేని యాత్రికుడు

పలనాడు అనగానే సాహిత్య విద్యార్థికి మొదట గుర్తుకు వచ్చేవి శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు. వాటిలోని పలనాడు రాళ్లు, తేళ్లు, పాములు, నాపరాళ్లు, నాగులేటి నీళ్లు, జొన్నకూడు, సజ్జకూడు. వరి అన్నం, సన్న బట్ట, రసికత దొరకని సీమ. ఈ పద్యాలన్నీ నిజంగా శ్రీనాథునివేనా అన్న చర్చ తెగేది కాదు. చాటువు స్వభావమే అది. ఒక పేరుకు అతుక్కొని జనం నోట పెరుగుతుంది. కర్త ఎవరైనా, ఈ పద్యాలు తయారుచేసిన ప్రాంతచిత్రం మాత్రం బలంగా నిలిచింది. పాఠ్యపుస్తకాలలో, ఉపన్యాసాలలో, పలనాటివారు తమ మీద తామే వేసుకొనే చమత్కారాలలో కూడా అదే చిత్రం తిరుగుతుంది.

ఈ చాటువులలో గమనించవలసిన సంగతి ఒకటుంది. రాళ్లనూ, చిన్నపాటి దేవతలనూ, నాగులేటినీ, నాపరాళ్లనూ యాత్రికుడు ఒకే వరుసలో పేర్చి, ఒకే విసుగుతో దాటిపోతాడు. అయితే కారెంపూడిలో ఆ రాళ్లకు పేర్లున్నాయి. వీరులగుడిలో అరవైఆరుగురు వీరుల పేర శిలలు లింగరూపంలో పూజలందుకొంటున్నాయి. ఆ నాగులేరే యుద్ధభూమికి ఆనవాలు. వాటి పక్కన నిలిచి చెప్పేవాడు లేనప్పుడు రాయి రాయిగానే కనిపిస్తుంది, దేవత చిల్లరగానే తోస్తుంది. చాటువులోని యాత్రికునికి కొరవడినది వరి అన్నమే కాదు.

ఇందులో ఒక వైచిత్రి కూడా ఉంది. పలనాటి వీరచరిత్ర ద్విపదకు కర్తగా సంప్రదాయం చెప్పేది కూడా శ్రీనాథుని పేరే. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ఆ ద్విపదను అచ్చువేసిన నాటినుంచి, ఈ సీమను ఈసడించిన పద్యాలూ, ఈ సీమ వీరులను కీర్తించిన కావ్యమూ ఒకే కవి ఖాతాలో చేరాయి. కర్తృత్వ వివాదాన్ని పక్కన ఉంచినా, ఈ రెండు చూపులనూ ఒకే పేరు కింద ఉంచడానికి తెలుగు సాహిత్య సంప్రదాయం జంకలేదు. చాటువులోనిది బయటినుంచి వచ్చి చుట్టూ చూసినవాని చూపు. ద్విపదలోనిది ఇక్కడివారి నోట కథ విన్నవాని చూపు.

ఐదు రోజులు

ఉత్సవ దినాలకు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. ఊళ్లనుంచి వీరాచారవంతులు తమ తమ వీరుల ఆయుధాలతో కారెంపూడి చేరుకొంటారు. ఈ ఆయుధాలను కొణతాలు అంటారు. ఆచారవంతులకు కొణతం ఒక వస్తువు కాదు, అది వీరుడే. కనుక ఈ యాత్రలో నడిచివచ్చేది ఆచారవంతుడు ఒక్కడే కాదు. పన్నెండవ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగిందని చరిత్రకారులు భావించే యుద్ధంలో పాల్గొన్నవారు మళ్లీ తమ యుద్ధభూమికి వస్తున్నారన్నది అక్కడి భావన. కొణతాలకు నాగులేటిలో స్నానం జరుగుతుంది. ఉత్సవ నిర్వహణ పిడుగు వంశీయులైన పీఠాధిపతులది. కథ చెప్పే అధికారం వీరవిద్యవంతులది.

మొదటి రోజు రాచగావు ఉత్సవాన్ని ఆరంభించే క్రతువు; అది కథాఘట్టం కాదు. రెండవ రోజు రాయబారం అలరాజు కథ. ఇతడు కొమ్మరాజు కుమారుడు, గురజాల పాలకుడు నలగామరాజుకు అల్లుడు. మాచర్ల పక్షాన సంధి మాట్లాడటానికి గురజాల వెళ్లి, చర్లగుడిపాడులో విషప్రయోగానికి గురై మరణించాడని కథ. పేరిందేవి సహగమనం ఈ ఘట్టానికి తరువాయి. మూడవ రోజు మందపోరు. బ్రహ్మనాయుని పక్షంవారు ప్రవాసంలో మండాదిలో ఉన్నప్పుడు వారి ఆలమందలపై జరిగిన దాడి, గోపాలకుడు లంకన్న పోరాటం ఇందులోని విషయం. చాపకూడు కూడా ఆ రోజే. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడన్న సంప్రదాయాన్ని ఆ రోజు సహపంక్తి భోజనంగా పాటిస్తారు. నాలుగవ రోజు కోడిపోరు. బ్రహ్మనాయుని కోడికీ నాయకురాలు నాగమ్మ కోడికీ జరిగిన పందెం, ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్న ఒడంబడిక దీనిలోని కథ. ఐదవ రోజు కల్లిపాడు యుద్ధానికి ముగింపు. ఆవేశంతో పోరాడి నేలకొరిగినట్లు పడిపోయే ఆచారవంతులు పీఠాధిపతి సమక్షంలో తిరిగి లేవడంతో యాత్ర ముగుస్తుంది.

వెనక్కి నడిచే కథ

పై వరుసను కథతో పోల్చి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. కథాక్రమంలో మొదట కోడిపోరు, ఆ ఓటమి ఫలితంగా ప్రవాసం, ప్రవాసంలో మందపోరు, గడువు తీరిన తరువాత రాయబారం, అది విఫలమైతే యుద్ధం. ఉత్సవంలో రాయబారం ముందు, మందపోరు తరువాత, కోడిపోరు చివర. అంటే మధ్యలోని మూడు రోజులూ కథాక్రమానికి సరిగ్గా తలకిందులుగా ఉన్నాయి. యాత్రికుడు మొదట యుద్ధానికి దగ్గరి కారణాన్ని వింటాడు, తరువాత దానికి వెనుకనున్న కారణాన్ని, ఆపైన అన్నిటికీ మూలమైన కోడిపందేన్ని. ఆ మూలాన్ని విన్న మరునాడే యుద్ధభూమిలో నిలుస్తాడు.

ఇది యాదృచ్ఛికమని కొట్టివేయవచ్చు. ఉత్సవాలు కథాక్రమానికి కట్టుబడాలన్న నియమం లేదు. తిథులు, పూజావిధులు, ఊరేగింపుల సౌకర్యం వంటివి క్రమాన్ని నిర్ణయించే అవకాశం ఉంది. రాచగావు కథాఘట్టమే కాకపోవడం ఈ అభ్యంతరానికి బలం చేకూరుస్తుంది. అయినప్పటికీ ఈ తలకిందుల వరుసకు ఒక అర్థం కుదురుతున్నది. కావ్యం చదివే పాఠకునికి చివర ఏమవుతుందో తెలియదని కవి భావించవచ్చు. కారెంపూడి వచ్చినవారికి చివర ముందే తెలుసు. వారు నిలబడినదే ఆ చివర జరిగిన నేలమీద. అటువంటివారికి మిగిలే ప్రశ్న తరువాత ఏం జరిగిందన్నది కాదు, ఇది ఎందుకు జరిగిందన్నది. చావునుంచి కారణంవైపు వెనక్కి నడవడం శోకానికి సహజమైన క్రమం. ఇంట్లో మనిషి పోయినప్పుడు పరామర్శకు వచ్చినవారి ముందు మాటలు సాగే తీరు కూడా ఇదే. కడపటి గడియతో మొదలై, జబ్బు తొలిసారి బయటపడిన నాటికి చేరుతాయి.

చాపకూడు స్థానాన్ని కూడా ఈ క్రమంలోనే చూడాలి. అలరాజు మరణానికీ కోడిపందేనికీ నడుమ, ఐదు రోజుల సరిగ్గా మధ్యన, అందరూ కలిసి తినే రోజు ఉంది. బ్రహ్మనాయుని సంస్కరణ గురించి రాసినవారు చాపకూడును కథాసందర్భంనుంచి విడదీసి ఒక సామాజిక ఆదర్శంగా ప్రశంసించారు. ఆ ప్రశంస తప్పు కాదు, కానీ అసంపూర్ణం. ఉత్సవంలో అది ప్రవాస కష్టాలను తలచుకొనే రోజున, విషం పెట్టిన చేతుల కథ విన్న మరునాడు జరుగుతుంది. ఒక ఇంట తిండి ప్రాణం తీసింది. ఇక్కడ తిండి మనుషులను కలుపుతున్నది. ద్విపదను పుస్తకంలో చదివే పాఠకునికి ఈ సాన్నిహిత్యం అందదు.

నడిపించేవారు

వీరవిద్యవంతులు ప్రధానంగా మాల కులానికి చెందినవారు. పంబ, తిత్తి, తాళం వారి వాద్యాలు. బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించిన మాల కన్నమదాసు కథలో సేనానాయకుడు. ఆ సంబంధం గాయకుల అధికారానికి కథలోనే ఒక ఆధారాన్ని కల్పిస్తున్నది. అగ్రవర్ణ శ్రోతలు సైతం తమ పూర్వుల చరిత్రను వీరి నోటనే వినవలసి రావడం ఈ యాత్రలోని సామాజిక విశేషం. ఇతరత్రా ఊరిచివర ఉంచినవారు ఇక్కడ ఊరి చరిత్రకు ప్రమాణం.

అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగెయిర్ 1974లో అలిశెట్టి గాలెయ్య గానాన్ని రికార్డు చేసి, ఆ ఆధారంతో 1982లో పలనాటి వీరకథపై తన ఆంగ్ల గ్రంథాన్ని వెలువరించాడు. అంతకుముందు అచ్చుప్రతులమీద ఆధారపడిన చర్చకు గాయకుని పాఠం తోడైంది. రోగెయిర్ కృషి విలువ అనువాదంలో కన్నా, గాలెయ్యను ఆధారంగా పేరుపెట్టి నిలబెట్టడంలో ఎక్కువగా ఉంది. అచ్చుప్రతుల పీఠికలలో గాయకులు తరచుగా ‘పిచ్చుకగుంట్లు మొదలగువారు పాడుకొను’ తరహా సమూహనామాలుగా మిగిలిపోయారు. పరిష్కర్తకు పేరుంది, ఆరోపిత కవికి పేరుంది. శతాబ్దాలపాటు కథను మోసినవానికి లేదు.

ద్వీపానికి లాంచీ

రెండవ దారి విషయం ఇట్లా ఉండగా, మొదటి దారి చరిత్ర కూడా చూపించేవారి చరిత్రే. నాగార్జునకొండ లోయ, నాటి విజయపురి, క్రీ.శ. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని. వీరపురుషదత్తుని పద్నాలుగవ పాలనా సంవత్సరానికి చెందిన బోధిసిరి శాసనం తామ్రపర్ణి, అంటే సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిన సంగతి చెబుతూ, ఆ ఆచార్యులు ప్రసన్నం చేసిన దేశాలుగా కాశ్మీరం, గాంధారం, చీనం, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన, ద్రవిడ దేశాలు మొదలైనవాటిని పేర్కొంటుంది. ఈ జాబితాలో ప్రశస్తి పాలు ఎంతో కొంత ఉండవచ్చు. అయినా దూరదేశాలతో తమకు సంబంధం ఉందని శిలమీద చెక్కించుకోవడం ఆ నగరానికి గౌరవమన్నది స్పష్టం.

ఆ నగరాన్ని ఆధునిక ప్రపంచానికి చూపినది కూడా ఒక స్థానికుడే. సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడ కనిపించిన ఒక స్తంభం సంగతి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. 1926లో శాసనశాఖకు చెందిన ఎ.ఆర్. సరస్వతి వచ్చి పరిశీలించాడు. తరువాత లాంగ్‌హర్‌స్ట్, టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. అప్పటికే 1954లో మొదలై 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సాగిన తవ్వకాలు మునగబోయే లోయను వీలైనంత వేగంగా నమోదు చేశాయి. ఎంపికచేసిన కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి తిరిగి నిర్మించారు. 1966లో ద్వీపంపై మ్యూజియం ప్రారంభమైంది.

కనుక నేటి యాత్రికుడు ద్వీపంమీద చూసే స్తూపం, అనుపులో చూసే రంగస్థలం తొలుత కట్టినచోట లేవు. కట్టినచోటు లాంచీ అడుగున నీళ్లలో ఉంది. ఇది పురావస్తుశాఖ వైఫల్యం కాదు. ఆనకట్ట ఖాయమైన తరువాత అంతకుమించి చేయగలిగింది తక్కువ. కారెంపూడితో పోల్చినప్పుడు మాత్రం తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. నాగార్జునకొండలో వస్తువులు మిగిలాయి, స్థలం పోయింది. కారెంపూడిలో చూపడానికి వస్తువులు స్వల్పం, స్థలం మాత్రం చెక్కుచెదరలేదు. మొదటిచోట అద్దాల వెనుక ఉన్న శిల్పానికి పక్కన ఫలకం సరిపోతుంది. రెండవచోట చెప్పేవాడు ఆగిపోతే, చాటువులోని యాత్రికునికి కనిపించిన రాళ్లే మిగులుతాయి.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత ఈ రెండు దారులూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. వాటిని కలిపే ఆధారాలు నేలమీదనే ఉన్నాయి. ఎత్తిపోతల వద్ద యాత్రికులు చూసే జలపాతం చంద్రవంకది. అదే వాగు ఒడ్డున మాచర్ల చెన్నకేశవాలయం ఉంది. దాని నిర్మాణాన్ని సంప్రదాయం బ్రహ్మనాయునికి ఆపాదిస్తుంది. అలరాజు రాయబారానికి బయలుదేరినది మాచర్ల పక్షాననే. అక్కడినుంచి చర్లగుడిపాడు, గురజాల, కారెంపూడి మీదుగా, బ్రహ్మనాయుడు చివరకు ప్రవేశించాడని చెప్పే గుత్తికొండ బిలం దాకా కథాస్థలాలు విస్తరించి ఉన్నాయి. ఈ స్థలాలకు సంబంధించి వీరవిద్యవంతులు ఏ ఊరిలో ఏ ఘట్టాన్ని ఎట్లా చెబుతారో, ఒకే ఘట్టం ఊరు మారినప్పుడు ఎట్లా మారుతుందో గాయకుల పేర్లతో సహా నమోదు చేయడం పలనాటి వీరకథా పరిశోధనలో ఇంకా మిగిలి ఉన్న పని.