పండులోని పురుగు

పరీక్షిత్తు కథ మనలో చాలామందికి బాల్యంలోనే తెలిసినది. ఏడు దినములలో తక్షకుని విషముచేత మరణిస్తావని మునికుమారుడు శపించగా, ఆ రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని అందులో ఉన్నాడు. చుట్టూ విషవైద్యులు, మంత్రవేత్తలు, ఆయుధపాణులైన భటులు. ఏడవనాటి సాయంకాలం తాపసుల వేషంలో కొందరు వచ్చి ఫలములు సమర్పించినారు. రాజు తానే చేయి చాచి ఒక పండు తీసుకొన్నాడు. అందులో సన్నని పురుగు. ప్రొద్దు క్రుంకుతున్నది గదా, ఇక భయమేమున్నదని నవ్వుతూ ఆ పురుగును తన మెడమీద తానే పెట్టుకొన్నాడు. అదే తక్షకుడు.

కంప్యూటర్లను పీడించే దుష్ట ప్రోగ్రాముల చరిత్ర, వాటినుండి రక్షణకై మనుషులు పడిన పాట్ల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ కథే జ్ఞప్తికి వస్తుంది. ఐదు దశాబ్దాలకు పైబడిన ఆ చరిత్రలో గోడకు కన్నం వేసి వచ్చినవి లేకపోలేదు. కాని పేరుమోసినవాటిలో అధికభాగం మనం చేయి చాచి తీసుకొన్నవే. రక్షణ అంటే కోటగోడ కట్టడమని మొదట అందరూ అనుకొన్నారు. పండ్లబుట్టను పరీక్షించడమే అసలు పని అని తెలియడానికి చాలా కాలం పట్టినది.

ముందు మాటల సంగతి చెప్పుకోవాలి. పాత పంతులును, ఆ వ్యసనం విడువదు. లాటిను భాషలో ‘విరుస్’ అంటే విషమని ఒక అర్థం. మన ‘విష’ శబ్దమూ అదీ ఒకే మూలంనుండి పుట్టిన తోబుట్టువులని తౌలనిక భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. రెండచ్చుల నడుమ ఉన్న సకారం రేఫగా మారడం లాటిను స్వభావం. ఇకారానికి పరమైన సకారం షకారం కావడం సంస్కృత స్వభావం. కనుక వైరస్ అన్నది పరదేశి వేషం వేసుకొన్న మన విషమే. మరొక ప్రోగ్రామును ఆశ్రయించి బ్రతికేది వైరస్. ఎవరినీ ఆశ్రయించక తానే యంత్రంనుండి యంత్రానికి ప్రాకేది వర్మ్, అనగా పురుగు. మంచిదానివలె నటించి లోనికి వచ్చేది ట్రోజన్ హార్సు, గ్రీకువారి కొయ్యగుర్రం. మనకు దానికి దీటైన కొయ్యయేనుగు ఉన్నది. వత్సరాజు ఉదయనుడు ఏనుగులమీది మోజుతో దాని చేరువకు పోయి ఉజ్జయిని రాజుకు బందీ అయినాడు. ఇక మన చేష్టలను రహస్యంగా కనిపెట్టి పరులకు చేరవేసే స్పైవేరుకు ‘వేగు’ అనే పాత తెలుగుమాట చక్కగా అమరేది. వేగులవాడంటే గూఢచారి గదా! కాని అంతర్జాలంలో తెలుగు వ్రాసే మిత్రులు కొందరు ఆ మాటను ఈ-మెయిలుకు ధారపోసినారు. "మీకొక వేగు పంపినానండీ" అని ఒక మిత్రుడు మొదటిసారి అన్నప్పుడు నేను ఉలిక్కిపడిన మాట వాస్తవం.

చరిత్ర ఆటతోనే మొదలైనది. 1971లో అమెరికాలోని బీబీఎన్ సంస్థలో బాబ్ థామస్ అనే ఇంజనీరు ‘క్రీపర్’ అనే ప్రోగ్రాము వ్రాసినాడు. అది నేటి అంతర్జాలానికి మాతృక అయిన ఆర్పానెట్‌మీద ఒక కంప్యూటరునుండి మరొకదానికి ప్రాకుతూ, చేతనైతే నన్ను పట్టుకోమని తెరమీద సవాలు చేసేది. ఈ-మెయిలు చిరునామాలో నడుమ కనిపించే ‘@’ గుర్తును ప్రవేశపెట్టిన రే టామ్లిన్‌సన్ అదే సంస్థవాడు. ఆయన దానిని తరిమి తుడిచివేసే ‘రీపర్’ను వ్రాసినాడు. రోగమూ మందూ ఒకే ఇంట్లో, ఒకే వినోదంగా పుట్టినవన్నమాట. 1982లో రిచ్ స్క్రెంటా అనే పదిహేనేండ్ల బాలుడు ఆపిల్ యంత్రాలకు వ్రాసిన ‘ఎల్క్ క్లోనర్’ కూడా స్నేహితులను ఆటపట్టించడానికే. అది ఫ్లాపీలద్వారా వ్యాపించి, యాభయ్యవసారి యంత్రాన్ని నడిపినప్పుడు ఒక చిన్న పద్యం చూపించేది.

విషయం శాస్త్రస్థాయికి ఎదిగినది 1983లో. ఫ్రెడ్ కోహెన్ అప్పుడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. ‘వైరస్’ అనే పేరు సూచించినవాడు ఆయన గురువు లెనార్డ్ ఆడిల్‌మన్. కోహెన్ చేసిన ప్రయోగాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఎనిమిది గంటలు కూర్చొని ఒక వైరస్ వ్రాసినాడు. దానిని దస్త్రాల అమరికను బొమ్మగీసి చూపించే ఒక కొత్త ప్రోగ్రాములో దాచినాడు. ఇదిగో కొత్త పనిముట్టు అని అందరికీ ప్రకటించినాడు. అంతే. వాడుకరులు తామే దానిని నడిపినారు. ఐదుసార్లు ప్రయోగం చేస్తే ఐదుసార్లూ గంటలోపే యంత్రంమీద సర్వాధికారాలు ఆయన చేతికి వచ్చినవి. ఒకసారి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరి తాళమూ పగులగొట్టలేదు, ఎవరి సంకేతపదమూ దొంగిలించలేదు. అధికారులు చేసిన పని ఏమిటంటే, ఇకమీదట ఇటువంటి ప్రయోగాలు కూడదని అనుమతి నిరాకరించడం!

వైరస్‌లను తప్పక గుర్తుపట్టే ప్రోగ్రాము ఒకటి ఉండగలదా అన్న ప్రశ్నకు కూడా కోహెనే జవాబు చెప్పినాడు. ఉండజాలదు. అటువంటి న్యాయాధిపతి ఒకడున్నాడని అనుకొందాం. అప్పుడొక కొంటె ప్రోగ్రాము ముందుగా ఆ న్యాయాధిపతినే అడుగుతుంది, నేను వైరస్‌నా అని. అవునంటే ఏమీ చేయక ఊరకుంటుంది. కాదంటే వెంటనే వ్యాపిస్తుంది. ఏ తీర్పు చెప్పినా తప్పే. ‘నేను ఆడేది అబద్ధం’ అన్నవాని మాట నిజమో అబద్ధమో తేల్చలేనట్టి చిక్కు ఇది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఇంతకంటె ముఖ్యమైన విషయం లేదు. ఏ యాంటీవైరస్ కొన్నా నూరుపాళ్ళ రక్షణ అన్నమాట పెట్టెమీది అచ్చులోనే ఉంటుంది గాని తర్కంలో నిలువదు.

1986లో మన పొరుగున లాహోరులో పుట్టినది ‘బ్రెయిన్’. బాసిత్ ఫరూక్ ఆల్వీ, అంజద్ ఫరూక్ ఆల్వీ అనే అన్నదమ్ములు తాము వ్రాసిన వైద్యసంబంధమైన సాఫ్టువేరును జనం దొంగతనంగా నకలు చేసుకొంటున్నారని కోపించి, ఫ్లాపీ మొదటి భాగంలో కూర్చొనే ఈ వైరస్‌ను వ్రాసినారు. ఐబీఎం పీసీలకు వచ్చిన తొలి వైరస్‌గా దీనిని లెక్కిస్తారు. ఇందులో తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోను నెంబర్లు వ్రాసిపెట్టి, టీకాకోసం మమ్ములను సంప్రదించండని కూడా చేర్చినారు. దొంగ తన చిరునామా వదలిపెట్టిపోయిన ఉదంతం మరెక్కడా వినలేదు. నకలు ఫ్లాపీలు ఖండాలు దాటినవి, వాటితోపాటు ఇదీ దాటినది.

గోడకు కన్నం వేసిన పురుగు 1988 నవంబరు 2న బయలుదేరినది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వ్రాసిన ఆ వర్మ్ యూనిక్స్ యంత్రాలలోని లోపాలను పట్టుకొని, అప్పటి అంతర్జాలంలో ఇంచుమించు పదోవంతును స్తంభింపజేసినదని అంచనా. అతని తండ్రి అమెరికా ప్రభుత్వంలో కంప్యూటర్ల భద్రతానిపుణుడు! ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తొలి అత్యవసర స్పందన బృందం ‘సెర్ట్’ ఏర్పడినది. మనదేశంలో అటువంటి ‘సెర్ట్-ఇన్’ 2004లో వచ్చినది.

అప్పటికే యాంటీవైరస్ ఒక వ్యాపారం అయినది. మనదేశంలోనూ ఈ విద్య సొంతంగానే ఎదిగినది. పూణెలో కాలిక్యులేటర్లు బాగుచేసే కైలాశ్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలసి చేసినది ‘క్విక్ హీల్’. చెన్నైలో కేశవర్ధనన్ స్థాపించినది ‘కే7’. వీటన్నిటి పద్ధతి ఆ రోజులలో ఒక్కటే. పట్టుబడిన ప్రతి వైరస్ వేలిముద్ర తీసి పట్టికలో చేర్చడం, యంత్రంలోని దస్త్రాలను ఆ పట్టికతో సరిపోల్చడం. ఎవరో ఒకరు ముందు కాటు తిననిదే పట్టికలో పేరు ఎక్కదు. ప్రవర్తననుబట్టి దుష్టులను ఊహించే పద్ధతులు పెరిగినా ఈ లోటు పూర్తిగా తీరలేదు, కోహెన్ చెప్పినట్లే.

2000 మే 4వ తేదీని ఈ చరిత్రలో నేను ప్రత్యేకంగా పెట్టుకొంటాను. ఫిలిప్పీన్స్‌నుండి ఒక ఈ-లేఖ లోకమంతా తిరిగినది. విషయం, నిన్ను ప్రేమిస్తున్నాను. దానికి జతగా ఒక ప్రేమలేఖ. విండోసు దస్త్రాల పేరులో చివరి భాగాన్ని దాచిపెడుతుంది గనుక, నిజానికి ప్రోగ్రామైన ఆ దస్త్రం అమాయకపు వ్రాతకాగితంవలె కనిపించినది. తెరచినవారి చిరునామాల పుస్తకంలోని వారందరికీ అదే లేఖ వారి పేరుతోనే పోయినది. బ్రిటిషు కామన్స్ సభ తన ఈ-మెయిలు వ్యవస్థను ఆపుకొన్నది. అపరిచితుల లేఖలు తెరవవద్దని అంతవరకు చెప్పిన హితవు ఆ దినంతో చెల్లిపోయినది. వచ్చినవన్నీ పరిచితులవే గదా. వ్రాసినవాడు ఒనెల్ డి గుజ్మన్ అనే విద్యార్థి. ఇతరుల ఇంటర్నెట్ సంకేతపదాలు దొంగిలించడానికి వ్రాసినానని 2020లో ప్రచురితమైన ఒక పాత్రికేయుని పుస్తకంలో ఒప్పుకొన్నాడు. అప్పటి ఫిలిప్పీన్స్‌లో దీనికి తగిన శాసనమే లేకపోవడంచేత శిక్ష పడలేదు. ఆ జూన్‌లోనే వారు చట్టం చేసుకొన్నారు. మన సమాచార సాంకేతిక చట్టం కూడా ఆ ఏడాదిదే, అక్టోబరు 17నుండి అమలులోనికి వచ్చినది. యజమాని అనుమతి లేక కంప్యూటరులో వైరస్ ప్రవేశపెట్టడం దాని 43వ సెక్షనులో చేరినది.

పండు తెచ్చినవాడు తాపసి కానక్కరలేదు, పేరున్న వర్తకుడు కూడా కావచ్చునని 2005లో తెలిసినది. సోనీ బీఎంజీ సంస్థ అమ్మిన కొన్ని పాటల సీడీలు కంప్యూటరులో పెట్టగానే, నకళ్ళను ఆపే నెపంతో, కంటికి కనిపించని ప్రోగ్రామును యంత్రం లోతుల్లో దాచుతున్నవని మార్క్ రసినోవిచ్ బయటపెట్టినాడు. పాట వినడానికి డబ్బిచ్చి కొన్న వస్తువది!

తరువాతిది పెన్‌డ్రైవుల కాలం. ఇందులో నా అనుభవం ఒకటి ఉన్నది. 2011లో, ఉద్యోగంలో ఉండగా, మా మండలంలోని వృద్ధులవద్ద రెండు వేసవి సెలవులు తిరిగి సేకరించిన చాటుపద్యాలను టైపు చేసి పెన్‌డ్రైవులో పెట్టుకొన్నాను. చెప్పిన వృద్ధులలో ఇద్దరు అప్పటికే గతించినారు. మరొక ప్రతి చేయాలన్న బుద్ధి నాకు లేకపోయినది. ఒక జిరాక్సు దుకాణంలో అచ్చు తీయించి ఇంటికి వచ్చి చూస్తే, ప్రతి ఫోల్డరు బొమ్మమీద చిన్న బాణపు గుర్తు. తెరిస్తే నల్లని కిటికీ ఒకటి మెరిసి మాయమగుచున్నది. ఆ రాత్రి నిద్ర లేదు. మరునాడు మా పాఠశాల పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి, నల్లని తెరమీద ఒక్క వరుస కొట్టినాడు. పద్యాలన్నీ బయటికి వచ్చినవి. "ఎక్కడికీ పోలేదు మాస్టారూ, అది వాటిని దాచిపెట్టి వాటి పేరు తాను పెట్టుకున్నదండీ" అన్నాడు. మరొక ప్రతి సీడీమీద చేసిపెట్టి గాని కాఫీ త్రాగలేదు. ఆ సీడీ నేటికీ నావద్ద ఉన్నది, దాని ప్రతులు మరి రెండుచోట్ల ఉన్నవి.

ఈ ఉపాయమే రాజ్యాల చేతిలో పడితే ఏమవుతుందో 2010లో బయటపడిన ‘స్టక్స్‌నెట్’ చూపినది. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధికేంద్రం అచ్చంగా ఒంటిస్తంభపు మేడ. బయటి జాలంతో సంబంధం లేదు. కనుక పెన్‌డ్రైవులలో ప్రాకేటట్లుగా ఆ పురుగును చెక్కినారు. తైవాను దేశపు రెండు సంస్థల డిజిటల్ సంతకాలను దొంగిలించి దానికి తొడిగినారు, తాపసుల కాషాయంవలె. ఫోల్డరు తెరచి బొమ్మను కంటితో చూస్తే చాలు, అది మేల్కొనేది. దృష్టిలో విషముండే పాములను పురాణాలు చెప్పినవి గాని, చూచినవానికి ఎక్కే విషం ఇదే మొదలు.

2017 మే 12న ‘వన్నాక్రై’ దస్త్రాలకు తాళాలు వేసి సొమ్మడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాతబడినవి. అది వాడుకొన్న కన్నానికి మైక్రోసాఫ్టు రెండు నెలల ముందే, మార్చిలో, అతుకు విడుదల చేసి ఉన్నది. మందు గుమ్మంలోనే ఉన్నది, సేవించినవారు లేరు.

ఆదిపర్వ కథలో కాశ్యపుడనే విషవైద్యుడు కూడా ఉన్నాడు. పరీక్షిత్తును బ్రతికించడానికి బయలుదేరిన ఆయనకు తక్షకుడు దారిలోనే ధనమిచ్చి వెనుకకు మరలించినాడు. ఈ కాలంలో వైద్యుడు వెనుదిరుగడు. ఇరవైనాలుగు గంటలూ గర్భగుడిలోనే కూర్చొని ఉంటాడు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణసంస్థ తన ప్రోగ్రాముకు పంపిన ఒక దోషభూయిష్ఠమైన నవీకరణ దాదాపు 85 లక్షల విండోసు యంత్రాలను కూలవేసినది. వైరస్ లేదు, దొంగ లేడు, మందే వికటించినది. చాలాచోట్ల సిబ్బంది ఒక్కొక్క యంత్రంవద్దకు వెళ్ళి చేతితో ఆ దస్త్రాన్ని తొలగించవలసి వచ్చినది. ఆ దినం హైదరాబాదునుండి కలకత్తాకు విమానమెక్కిన ఒక ప్రయాణికునికి బోర్డింగు పాసు కలంతో వ్రాసి ఇచ్చినారు. ఆ ఛాయాచిత్రం నేను చూచినాను, అక్షరాలు గుండ్రంగానే ఉన్నవి.