ఇన్సులిన్‌లోని గడ్డ

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి బీచుపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. వంతెన దిగి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని ముందుకు సాగితే ఇక అంతా నడిగడ్డే. గద్వాల, అలంపురం ప్రాంతాలకు జనం పెట్టుకున్న పేరది. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర, నడుమ గడ్డ. కన్నడంలో ‘నడుగడ్డె’ అంటే అచ్చంగా ద్వీపమే. మన నడిగడ్డకు పడమట రాయచూరు వైపు నీళ్లేమీ అడ్డం లేవు. అయినా పేరు మాత్రం ద్వీపానిదే.

ఇన్సులిన్ అనే మాటకు తెలుగులో అర్థం చెప్పమంటే నేను ఈ ఊళ్లనే చూపిస్తాను. లాటిన్‌లో ‘ఇన్సుల’ అంటే ద్వీపం. ద్వీపంలో పుట్టిన రసం కాబట్టి ఇన్సులిన్.

తెలుగులో గడ్డ చేయని పని లేదు. నేలలో ఊరితే ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. ఒంటి మీద లేస్తే కోతపెట్టాల్సిన గడ్డ. చలికి నెయ్యి గడ్డకడుతుంది. ఏట్లో కొట్టుకుపోతున్నవాడు గడ్డన పడితే బతికినట్టే. పుట్టిన నేలా గడ్డే. శ్రీకాకుళం వెళ్లామా, అంతా తలకిందులు: అక్కడ గెడ్డ అంటే వాగు! ఆ ఒక్కదాన్ని పక్కన పెడితే, తక్కిన అర్థాలన్నిటా ఒకే భావం కనిపిస్తుంది. చుట్టూ ఉన్నదానిలో కలిసిపోకుండా ముద్దకట్టి వేరుగా నిలిచినది గడ్డ. జూరాలకు దిగువన కృష్ణ రెండు పాయలుగా చీలి నడుమ వదిలిపెట్టిన ఊరు గుర్రంగడ్డ. ఏరు దాటితే తప్ప ఆ ఊరికి దారి లేదు.

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి కుందేలు క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. జీర్ణరసం చేసే కణాల మధ్య అక్కడక్కడ వేరే తీరు కణాలు గుంపులుగా కనిపించాయి. అవి చేసే పనేమిటో తనకు తెలియదని సిద్ధాంత వ్యాసంలో నిజాయితీగా రాసేశాడు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. జబ్బు మూలం క్లోమంలో ఉందని అప్పుడు తేలింది. 1893లో లాగెస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ కణాల గుంపులకు ‘లాంగర్‌హాన్స్ చిరుద్వీపాలు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు వినడానికి లాంగర్‌హాన్స్ లేడు. క్షయ సోకి, అట్లాంటిక్ సముద్రంలోని మదీరాకు మకాం మార్చి, 1888లో అక్కడే కన్నుమూశాడు. మదీరా కూడా ద్వీపమే!

ఇక బిడ్డ పుట్టకముందే బారసాల జరిగిపోయింది. ద్వీపాలలో ఏదో రసం ఊరుతూ ఉండాలని ఊహించి 1909లో బెల్జియం వైద్యుడు జాఁ ద మేయర్ దానికి ‘ఇన్సులిన్’ అన్నాడు. కొన్నేళ్లకు ఎడిన్‌బరోలో షార్పీ-షేఫర్ విడిగా అదే పేరు సూచించాడు. అసలు రసాన్ని 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ రాబట్టారు. వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఐలెటిన్’. వాళ్ల ప్రొఫెసర్ మెక్లౌడ్ లాటిన్ వైపు మొగ్గడంతో ఇన్సులిన్ నిలిచింది. 1922 జనవరిలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన మొదటి సూది అంతగా పనిచేయలేదు. వాళ్ల సహచరుడు కాలిప్ శుద్ధి చేసిన రసంతో అదే నెల 23న మళ్లీ ఇస్తే రక్తంలో చక్కెర దిగింది.

ఈ నామకరణం కోనసీమలో జరిగి ఉంటే ‘లంకిన్’ అయ్యేది. నడిగడ్డలో జరిగితే ‘గడ్డిన్’. మందుల దుకాణంలో పశువుల మేత అడిగినట్టుంటుంది, వద్దు లెండి. కానీ మన పాఠ్యపుస్తకాల పండితులు చేసిన పని నాకు నచ్చలేదు. వాళ్లు ‘లాంగర్‌హాన్స్ పుటికలు’ అన్నారు. పుటిక అంటే దొన్నె వంటిది. ద్వీపం కాస్తా మునిగిపోయింది! ఇన్సులిన్‌కు ఆ పేరెందుకు వచ్చిందో తెలుగులో చదువుకునే పిల్లవాడికి తెలిసే దారి మూసుకుపోయింది. ‘చిరుగడ్డలు’ అన్నా సరిపోయేది.

క్లోమం అన్న మాట సంగతి వేరు. పాత ఆయుర్వేదంలో క్లోమం ఏ అవయవమో వ్యాఖ్యాతలకే ఏకాభిప్రాయం లేదు. అయితే ఒంట్లో నీటిని మోసే స్రోతస్సులకు అంగిలి, క్లోమం మూలమని చరకుడు చెప్పాడు. దప్పిక చోటు అదేనన్నమాట. షుగరు ముదిరినవాడు చెంబులకు చెంబులు నీళ్లెందుకు తాగుతాడో ఎరిగిన మనకు ఇది ముచ్చటగా తోస్తుంది. కాకతాళీయమే కావచ్చు.

జబ్బుకు ఉన్న పాత పేర్లన్నీ బయటికి పోయేదాన్నే చూశాయి. మేహం ‘మిహ్’ ధాతువు నుంచి వచ్చింది. తడపడం, మూత్రించడం దాని అర్థాలు. మేఘానికి కూడా యాస్కుడు ఇదే ధాతువు చెప్పాడు. గ్రీకు ‘డయాబెటిస్’ అంటే గుండా సాగిపోయేది. మధుమేహంలోని మధువుకు గ్రీకు ‘మెథు’ తోబుట్టువు. డయాబెటిస్ మెలిటస్‌లోని తేనె, లాటిన్ ‘మెల్’, వేరే ఇంటి పిల్ల, పోలిక చూసి మోసపోకూడదు. చక్కెర మాత్రం శర్కర నుంచి వచ్చింది, శర్కర అంటే మొదట గులకరాయి. అదే పారశీకం, అరబ్బీ, ఫ్రెంచి తిరిగి షుగరై గద్వాలకు చేరింది. ఇన్సులిన్ ఒక్కటే కారే చోటును వదిలి ఊరే చోటు పేరు పెట్టుకుంది. 1982 నుంచి బాక్టీరియాలతో చేయించిన మానవ ఇన్సులిన్ అమ్ముతున్నారు. ద్వీపంతో దానికి పనిలేకపోయినా పేరు మారలేదు.

కారణాల దగ్గర తెలుగు మరో తికమక పెడుతుంది. మొదటి రకం మధుమేహంలో రోగనిరోధక వ్యవస్థే పొరబడి, గడ్డల్లోని బీటా కణాలను పరాయివనుకుని చంపేస్తుంది. రెండో రకంలో కండరాలు, కాలేయం ఇన్సులిన్‌ను లెక్కచేయవు. దానికి ‘ఇన్సులిన్ నిరోధకత’ అని పేరు. రెండు నేరాలకూ ఒకే నిరోధం! ఇమ్యూనిటీకి, రెసిస్టెన్స్‌కు వేరు మాటలు దొరక్క వచ్చిన తంటా ఇది. రెండోదాన్ని ‘మొండికేయడం’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఈ రెండు రకాల తేడాను 1936లో లండన్‌లో హిమ్స్‌వర్త్ పట్టుకున్నాడు, ఇన్సులిన్‌కు లొంగే మధుమేహం, లొంగని మధుమేహం అని.

మొండికేసిన కణాలకు వినిపించాలని బీటా కణాలు మరింత ఇన్సులిన్ ఊరిస్తాయి. వంశం, కాలేయంలో చేరిన కొవ్వు, కదలని ఒళ్లు కలిసి వాటి మీద పని బరువును పెంచుతాయి. ఏళ్ల తరబడి అలా చాకిరీ చేసి బీటా కణాలు అలిసిపోతాయి. మాత్రలతో నెట్టుకొచ్చిన మనిషికి డాక్టరు “ఇక ఇన్సులిన్ తప్పదు” అన్నాడంటే, చాలాసార్లు ఆ గడ్డల్లో ఊట తగ్గిందనే అర్థం.